అన్నీ అమ్మేసి పోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 33 ఏళ్లు, మా ఆయనకు 37. పాప ఒకటో తరగతి. మాకు కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. జూలైలో టొరంటో వెళ్తున్నాం, ఇక అక్కడే ఉండిపోవాలని. ఆయనది సాఫ్ట్‌వేర్. నేను కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చేసి, ఎంజీఎం ఆస్పత్రి దగ్గర ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పని చేస్తున్నా. మామయ్య పోయి మూడేళ్లయింది. నయీంనగర్‌లో ఇల్లు, పరకాల దగ్గర రెండెకరాల భూమి ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆడబిడ్డ కరీంనగర్‌లో ఉంటుంది. "ఇల్లు, భూమి అమ్మేసి పైసలు పట్టుకొని పోదాం, అమ్మ అక్క దగ్గర ఉంటది" అంటారు మా ఆయన. అత్తమ్మకు మాత్రం "మూడేండ్లల్ల వచ్చేస్తం" అని చెప్పారు. ఆమె నన్ను పట్టుకొని "నిజంగ వస్తరా బిడ్డా?" అని అడుగుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అమ్మేయడం మంచిదేనా? వెళ్లేలోపు ఏమేం చూసుకోవాలి? నా చదువు అక్కడ పనికొస్తుందా? తొక్కులు, కారప్పొడి తీసుకెళ్లనిస్తారా?

సమాధానం: ముందు ఆస్తి సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా చిక్కులన్నీ అక్కడే ముడిపడి ఉన్నాయి. మీ ఆయన ఒక విషయం పక్కన పెట్టినట్టున్నారు. ఆ ఇల్లు, ఆ భూమి ఆయనొక్కడివే కావు. అవి మామయ్య సొంతంగా సంపాదించినవై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమాన వాటాలు వస్తాయి. అంటే అత్తమ్మది మూడో వంతు, ఆడబిడ్డది మూడో వంతు. వాళ్లిద్దరూ సంతకం పెట్టకుండా మొత్తం ఇల్లు అమ్మడం కుదరదు. "మూడేండ్లల్ల వస్తం" అని చెప్పిన కొడుకు, తల్లి ఉంటున్న ఇంటినే అమ్ముదాం సంతకం పెట్టమని ఏ ముఖంతో అడుగుతాడు? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వరుసలో నిలబడ్డప్పుడు ఆమెకు అసలు సంగతి తెలిస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి అన్నిటికంటే ముందు అత్తమ్మకు నిజం చెప్పాలి. చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. మీ నోటి నుంచి వస్తే "కోడలే కొడుకును తీసుకపోతున్నది" అనే మాట పుట్టడానికి మన దగ్గర ఎంతోసేపు పట్టదు. ఆడబిడ్డను ఒక ఆదివారం కరీంనగర్ నుంచి పిలిపించండి, ముగ్గురూ కూర్చొని మాట్లాడుకోనివ్వండి. అప్పటిదాకా ఆమె మళ్లీ అడిగితే "అత్తమ్మా, ఆయన్నే మీతో మాట్లాడమంటా" అనండి. అది అబద్ధం కాదు, మీరు తప్పించుకున్నట్టూ కాదు.

నాకైతే ఆమెకు ఇప్పటికే సగం అర్థమైందనిపిస్తుంది, లేకపోతే "నిజంగ" అని అడగదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు దుబాయ్, మస్కట్ పోయినవాళ్ల ఇళ్లలో "వచ్చే ఏడు వస్త" అనే మాట ఆ వయసు ఆడవాళ్లు ఎన్నిసార్లు విన్నారో లెక్కే లేదు. గల్ఫ్‌కు కూలికి పోయినవాళ్లు ఎన్నేళ్లయినా చివరికి తిరిగి రావాల్సిందే, వీసా అలాంటిది. మీది అలా కాదు. ఆ తేడా ఆమెకు విడమరిచి చెప్పాలి. మళ్లీ ఎప్పుడు వస్తారో, మధ్యలో ఎవరు చూసుకుంటారో, ఈ ఇంట్లోనే ఉండొచ్చో లేదో, ఈ మూడూ తేల్చకుండా ఆ మాట ఎత్తవద్దు. జవాబుల్లేకుండా ఎత్తితే ఆ రోజంతా ఏడుపులతోనే గడిచిపోతుంది.

ఇక అమ్మకం. ఆమె ఉన్నన్నాళ్లు ఇల్లు ముట్టుకోవద్దన్నది నా మాట. కూతురి దగ్గర ఉండడం ఆమెకు ఇష్టమైతే అది వేరు, కానీ ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి. నయీంనగర్‌లో ఇన్నేళ్లుగా తెలిసిన మందుల షాపు, పాలవాడు, బతుకమ్మ ఆడే వాకిలి వదిలి కరీంనగర్‌లో అల్లుడి ఇంట్లో ఒక గదిలో ఉండమంటే అందరికీ సాగదు.

భూమి విషయంలో మీ ఆయనకు ఒక సంగతి తెలియాలి. ఎన్నారై అయ్యాక మన దేశంలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. పాస్‌పోర్టు ఇండియాదే ఉన్నా సరే, కొనలేరు. వారసత్వంగా వచ్చిన భూమిని మాత్రం ఉంచుకోవచ్చు, ఇక్కడ ఉండేవాళ్లకు అమ్మనూవచ్చు. అంటే ఇవాళ అమ్మితే రేపు మనసు మారినా పరకాల దగ్గర ఒక్క గుంట కూడా కొనుక్కోలేరు. ఉంచుకుంటే ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. ఇల్లు, ప్లాటు, ఫ్లాటుకు ఆ అడ్డు లేదు.

"అక్కడికి పోయాక అమ్మితే పైసలు ఇక్కడే ఇరుక్కుంటాయి" అని ఆయన భయం కావచ్చు. అలా ఏమీ ఉండదు. ఎన్నారై అయ్యాక అమ్మిన సొమ్ము ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్నారైలకు ఇక్కడ ఉండే రూపాయల ఖాతా) పడుతుంది, పన్ను కట్టి ఆడిటర్ కాగితం పెడితే ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. అదే ఇప్పుడు, ఇక్కడ నివాసం ఉంటూ పంపితే తలా 2.5 లక్షల డాలర్ల వరకే, అదీ 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు.

ఆయన వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది, అది కూడా చెప్తాను. ఇక్కడ ఉండగా ఇల్లు అమ్మితే, ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ ఉంటేనే కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. ఎన్నారైగా అమ్మితే ఆ మినహాయింపు లేదు. దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, పైన సెస్ పట్టుకోవాలి, చాలామంది కొనేవాళ్లు భయపడి మొత్తం ధర మీదే పట్టుకుంటారు. తక్కువ పట్టుకోమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. తిరుగుడు ఎక్కువే, కానీ ఆ తిరుగుడుకు భయపడి ముసలామె ఉంటున్న ఇల్లు అమ్మడం నాకు సబబుగా తోచడం లేదు.

అసలు ఇంత తొందర ఎందుకు? కెనడా చట్టమే మీకు వెసులుబాటు ఇచ్చింది. పీఆర్ నిలవాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉంటే చాలు. ఆయనకు ఉద్యోగం దొరకడానికి ఆర్నెల్లు పట్టినా, చలికి పాప జబ్బు పడుతున్నా, అత్తమ్మకు ఆపరేషన్ అయినా, ఒకరు వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లొచ్చు. పౌరసత్వానికి అడిగేటప్పుడు ఐదేళ్లలో 1,095 రోజులు చూపించాలి. ఆ పౌరసత్వం తీసుకున్న రోజు ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలి, తర్వాత ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చేది) మీద వచ్చిపోవచ్చు. అది చాలా దూరం ఉన్న సంగతి.

అమ్మకపోయినా వెళ్లేలోపు తప్పక చేయాల్సింది ఒకటుంది. అది విరాసత్. మామయ్య పేరు మీద ఉన్న భూమిని వారసుల పేరు మీదికి మార్పించుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకొని మీసేవలో దరఖాస్తు పెట్టి, ఎమ్మార్వో ఆఫీసులో పని పూర్తి చేసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి భూమి రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, దరఖాస్తు అందులోనే. ఇంటికైతే మున్సిపల్ కార్పొరేషన్‌లో ముటేషన్ చేయించి ఇంటి పన్ను రసీదు కొత్త పేర్ల మీద వచ్చేట్టు చూసుకోండి. ముగ్గురు వారసులూ దగ్గర్లోనే ఉన్నప్పుడు ఇదంతా కొన్ని వారాల పని. ఒకరు టొరంటోలో ఉంటే ప్రతి సంతకానికీ ఒక కథ.

అందుకే వెళ్లే ముందు మీ ఆయన ఒక జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) రిజిస్టర్ చేయించి ఉంచడం మంచిది. అక్క పేరు మీద ఇస్తే మేలు. అయితే కిరాయి వసూలు, కరెంటు, ఇంటి పన్ను, ఆఫీసుల్లో కాగితాలు, వీటి వరకే రాయించండి. అమ్మే అధికారం అందులో కలపవద్దు, ఎంత సొంతవాళ్లయినా సరే. అమ్మాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క ఆస్తికి వేరే రాసి పంపొచ్చు. అది అక్కడ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపాలి, ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఆ గడువు దాటి ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

మీరిద్దరూ దిగేనాటికి ఇల్లు, భూమి, బంగారం, మ్యూచువల్ ఫండ్ల విలువ ఎంతో ఒక వాల్యుయర్‌తో రాయించి దగ్గర పెట్టుకోండి. కొత్తగా వచ్చినవాళ్ల ఆస్తిని కెనడా పన్ను శాఖ దిగిన రోజు విలువకు కొన్నట్టే లెక్కేస్తుంది. పదేళ్ల తర్వాత భూమి అమ్మితే లాభం ఆ విలువ నుంచే చూస్తారు, మామయ్య కొన్నప్పటి ధర నుంచి కాదు. ఈ ఒక్క కాగితం చాలా డబ్బు మిగులుస్తుంది. విదేశాల్లో లక్ష కెనడా డాలర్లు దాటిన ఆస్తి ఉంటే ఏటా చెప్పాలి కూడా. మొదటి ఏడాదికి మాత్రం అక్కర్లేదు.

బ్యాంకు సంగతి. వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతా నడపకూడదు, ఎన్ఆర్ఓ కింద మార్పించుకోవాలి. పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుస్తుంది. పీఎఫ్ మాత్రం, శాశ్వతంగా విదేశాలకు వెళ్తున్నామని చూపించి మొత్తం తీసుకునే వీలుంది. పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఉంటే దాన్ని మూసేయాలి. ఎన్నారై అయిన రోజు నుంచి దానికి వడ్డీ రాదు, చాలామందికి ఇది తెలియక ఏళ్ల తరబడి కడుతూనే ఉంటారు.

ఫోన్ నంబర్లు ఒక్కసారి పరీక్షగా చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్ల బ్యాంకుకు, ఆధార్‌కు, గ్యాస్ కనెక్షన్‌కు కొడుకు నంబరే ఇచ్చి ఉంటుంది. పొద్దున 11 గంటలకు గ్యాస్ బండి ఇంటి ముందు ఆగుతుంది, డెలివరీ అతను కోడ్ చెప్పమంటాడు. ఆ కోడ్ టొరంటోలో దిండు పక్కన ఉన్న ఫోన్‌కు వస్తుంది, అక్కడ అప్పుడు రాత్రి ఒకటిన్నర. అత్తమ్మ సిలిండర్ కోసం గడప దగ్గర నిలబడి ఉంటుంది. ఇప్పుడే అన్నీ ఆమె నంబరుకు మార్పించండి, మెసేజ్ తెరిచి అంకెలు చదవడం పాపతో నేర్పించండి. మనవరాలు నేర్పితే ఓపిగ్గా నేర్చుకుంటుంది. మీ ఇద్దరి నంబర్లకు మాత్రం ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకోండి, సిమ్ చచ్చిపోకుండా రీచార్జ్ ఆపవద్దు. సిమ్ పోతే బ్యాంకు, పాన్, ఆధార్, అన్నీ ఒకేసారి చేజారుతాయి.

అత్తమ్మను తీసుకెళ్లే దారి కూడా ఉంది. తల్లిదండ్రులకు పీఆర్ ఇప్పించడం ఇప్పుడు దాదాపు లాటరీ లాంటిది, దాని మీద ఆశ పెట్టించవద్దు. సూపర్ వీసా అని వేరే ఉంది. దాని మీద ఒకసారి వెళ్తే ఐదేళ్ల వరకు ఉండొచ్చు. అయితే కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తీసుకోవాలి, మీ ఆయనకు అక్కడ చట్టం చెప్పినంత ఆదాయం ఉండాలి. అంటే మొదటి ఏడాదిలోనే కుదిరే పని కాదు. ఈలోగా ఆమె బీపీ, షుగర్ కాగితాలు, మందుల చీటీలు ఒక ఫైల్‌లో పెట్టి, దాని ఫొటోలు ఆడబిడ్డకు పంపండి. అర్ధరాత్రి కడుపు నొప్పి వస్తే బండి తీసి ఎంజీఎంకో, ప్రైవేట్ ఆస్పత్రికో ఎవరు తీసుకెళ్తారు? ఆ వీధిలో ఒకరిని అడిగి, ఒప్పించి, ఆ మాట ఆమె ముందే అనుకోండి. రోజూ ఫోన్ వేళ కూడా ఖాయం చేసుకోండి. ఇక్కడ పొద్దున 7 అంటే వేసవిలో మీకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఇద్దరికీ తీరిక దొరికే వేళ అదే.

కాగితాల్లో పేర్లు చూసుకున్నారా? మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంకోలా మారుతుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, అక్కడ ప్రతి కౌంటర్‌లో అడుగుతారు. అన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి తీసుకోండి. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఉందో లేదో చూడండి, పుట్టినప్పుడు ఆస్పత్రి పంపిన కాగితం మీద పేరు గడి ఖాళీగా ఉండిపోయినవి చాలా ఉంటాయి.

పాప టీకా కార్డు మరీ ముఖ్యం. ఒంటారియోలో బడికి టీకాల వివరాలు ఇవ్వాలి. మన సర్కారు టీకాల్లో గవదబిళ్లల టీకా, ఆటలమ్మ టీకా లేవు, అక్కడ అవి రెండూ అడుగుతారు. ప్రైవేటు పిల్లల డాక్టర్ దగ్గర వేయించి ఉంటే రాయించుకోండి, లేకపోతే ఇప్పుడే అడగండి. బళ్లు సెప్టెంబర్‌లో తెరుస్తారు కాబట్టి జూలైలో వెళ్లడం పాపకు బాగానే కుదిరింది.

ఇక మీ చదువు. పనికొస్తుంది, కానీ నేరుగా కాదు. అక్కడ ఫార్మసిస్టుగా పని చేయాలంటే ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా మీ డిగ్రీ పత్రాలు పరిశీలించాలి, తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష, ఆ తర్వాత రెండు భాగాల క్వాలిఫయింగ్ పరీక్ష, చివరికి ఆ రాష్ట్రం లైసెన్సు. మొత్తం మీద రెండు మూడేళ్లు అనుకొని దిగండి. పత్రాల పరిశీలన ఇక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు, అందుకని యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితాల పని జూలైకి ముందే అందుకోండి. క్యాంపస్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నారు, టొరంటో వెళ్లాక కొరియర్‌లో తెప్పించుకోవాలంటే ప్రాణం తీస్తుంది. పరీక్షలు అయ్యేదాకా ఫార్మసీ అసిస్టెంటుగా చేయొచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు. కౌంటర్ ముందు నిలబడి మందు చీటీ చదవడం మీకు కొత్త కాదు, అక్కడి పేషెంట్లతో మాట్లాడే తీరు వంటబడుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. "ముందు ఆయన సెటిల్ కానీ, తర్వాత చూద్దాం" అని మీ పరీక్షలు వాయిదా వేయకండి. ఇద్దరి జీతాలు ఉంటేనే అక్కడ ఇంటి కిరాయి భారం తెలియకుండా గడుస్తుంది.

కిరాయి అంటే గుర్తొచ్చింది. కొత్తగా వెళ్లినవాళ్లను ఇంటి ఓనర్లు ఉద్యోగం లెటర్, క్రెడిట్ స్కోర్ అడుగుతారు, మీకు రెండూ ఉండవు. ఇక్కడి సిబిల్ స్కోర్ అక్కడ ఎవరికీ పట్టదు. తెలిసినవాళ్ల దగ్గర ఒక బేస్‌మెంట్‌లో మూడు నాలుగు నెలలు ఉండి, తర్వాత వెతుక్కోండి. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకోండి. 10 వేల కెనడా డాలర్లు, అంతకు మించి వెంట తీసుకెళ్తే విమానాశ్రయంలో చెప్పాలి. చెప్తే ఏమీ కాదు, చెప్పకపోతేనే గొడవ. బంగారం ఫొటోలతో, విలువతో జాబితా రాసుకోండి. సామాను తర్వాత తెప్పించుకునేది ఉంటే అదీ దిగిన రోజే జాబితాలో చూపించాలి.

స్వెటర్లు, కోట్లు హైదరాబాద్‌లో కొనకండి. అక్కడి చలికి అవి ఆగవు. ఆ బరువులో తొక్కులు పెట్టుకోండి, చపాటా మిర్చి కారం పెట్టుకోండి, సకినాలు కూడా. ఇంట్లో పెట్టినవైనా బాగా ప్యాక్ చేసి, లోపల ఏముందో పైన రాసి, తినే వస్తువులు ఉన్నాయని ఫారంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వద్దన్నవి ఉంటే తీసేసుకుంటారు, దాచితే జరిమానా వేస్తారు. మాంసం పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయండి.